మైనస్ 18 చలి పడినా బెరడు పురుగు ఎందుకు తగ్గలేదు? చలికాలంలో స్ప్రూస్ అడవిలో అసలు ఏం చేయాలి?

సూదాకు (మారతహళ్లి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. చెక్ దేశంలోని స్ప్రూస్ (పైన్ లాంటి సూది ఆకుల చెట్టు) అడవుల ఉపగ్రహ చిత్రాలు చూసి, ఏ చెట్లకు బెరడు పురుగు పట్టిందో గుర్తించే పని మా జట్టుది. పురుగు పేరు ఇప్స్ టైపోగ్రాఫస్. జనవరిలో గాలి ఉష్ణోగ్రత మైనస్ 18కి పడిన చోటల్లా పురుగుల సంఖ్యను సగానికి తగ్గించేలా మా మోడల్ రాశాం. అక్కడి అటవీ సిబ్బంది మాత్రం మే నెలలో ఫెరమోన్ బుట్టల్లో (వాసనతో రప్పించి పట్టేవి) పడిన పురుగు ఏమీ తగ్గలేదంటున్నారు.

చలికాలంలో ఈ పురుగు ఎక్కడ ఉంటుంది, ఏ దశలో ఉంటుంది, ఎంత చలికి చస్తుంది? వాళ్లు డిసెంబరు నుంచి మార్చి దాకా చెట్లు కొడుతూనే ఉంటారు. పురుగు కదలని కాలంలో కొట్టడం వల్ల లాభం ఏమిటి? ఇంకో సంగతి. ఒకచోట జనవరిలో చెట్లు కొట్టి, బెరడు ఒలిచి, బెరడంతా అక్కడే వదిలేశారు. వసంతంలో ఆ పక్క చెట్లకే మళ్లీ పట్టింది. బెరడు ఒలిస్తే పురుగు చావాలి కదా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

---

హెబ్బాళ కీటకం

సూదాకు గారూ, మీరు వాడింది గాలి ఉష్ణోగ్రత. పురుగు గాలిలో లేదు. కొంత బెరడు కింద ఉంటుంది, కొంత చెట్టు మొదట్లో రాలిన సూదాకుల పొరలోకి దిగిపోతుంది. మధ్య యూరప్‌లో బెరడు కింద ఉండిపోయే వాటా ఎక్కువ. స్వీడన్ వైపు పోయేకొద్దీ నేలలోకి దిగేదే ఎక్కువ. లావు కాండం వేడిని మెల్లగా వదులుతుంది కాబట్టి తెల్లవారుజామున ఒకటి రెండు గంటలు మాత్రమే మైనస్ 18 తాకే రాత్రి బెరడు కింద ఆ చలి రాకపోవచ్చు. నేల మీద మంచు ఉంటే ఇంకా నయం, పురుగుకు. 30 సెంటీమీటర్ల మెత్తటి మంచు పేరుకుంటే దాని కింద నేల సున్నాకు దగ్గర్లోనే నిలిచిపోతుంది, పైన గాలి ఎంత పడిపోయినా సరే.

అంతకంటే పెద్ద విషయం పురుగు దశ. ముదిరిన రెక్కల పురుగు చలికాలానికి ముందు తిండి మానేసి పేగు ఖాళీ చేసుకుంటుంది. పేగులో తిండి రేణువులు ఉంటే వాటి చుట్టూ మంచు పలుకు మొదలవుతుంది కాబట్టి ఇది దానికి ప్రాణం నిలిపే పని. దాంతోపాటు గ్లూకోజ్, ట్రెహలోజ్, సార్బిటాల్, మానిటాల్ లాంటి చక్కెరలు ఒంట్లో కూడబెట్టుకుంటుంది. అందుకే ఒంట్లో నీరు సున్నా దాటి ఎంతో కిందికి పోయినా గడ్డకట్టకుండా ద్రవంగానే ఉంటుంది. నడి చలికాలంలో రెక్కల పురుగు మైనస్ 20 ప్రాంతం దాకా తట్టుకుంటుంది. పిల్ల పురుగు అంత ఓర్చుకోదు. దానికి మైనస్ 13 ప్రాంతంలోనే చావు మొదలవుతుంది, ప్యూపాకు (పిల్ల పురుగుకూ రెక్కల పురుగుకూ మధ్య దశ) మైనస్ 17 ప్రాంతంలో. కాబట్టి అదే మైనస్ 18 రెక్కల పురుగులున్న లోయలో దాదాపు ఏమీ చేయదు, పిల్ల పురుగులున్న పక్క కొండ మీద మాత్రం తుడిచిపెట్టేస్తుంది. ఏ చెట్టులో ఏ దశ ఉందో తెలియకుండా "సగం" అనే అంకె ఎక్కడా నిలబడదు.

చలి ఎప్పుడు పడింది అన్నది కూడా చూడండి. చక్కెరలు ఇంకా కూడని అక్టోబరు చివర్లో ఒక్కసారిగా పడే చలికి, అవి వాడేసుకున్నాక మార్చిలో పడే చలికి, అది జనవరి చలి అంత తీవ్రంగా లేకపోయినా పురుగు చస్తుంది. బెరడు తడిగా ఉండి గడ్డకడితే ఆ మంచు ఒంటికి తగిలి, దాని సొంత హద్దు రాకముందే లోపలి నీరు గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ఒక హెచ్చరిక. నెట్‌లో "మైనస్ 40 కావాలి" అని కనిపిస్తుంది. అది ఉత్తర అమెరికా మౌంటెన్ పైన్ బీటిల్ సంగతి. అది పిల్ల పురుగుగానే చలికాలం గడుపుతుంది, శరదృతువులో గ్లిసరాల్ తయారుచేసుకుంటుంది. బ్రిటిష్ కొలంబియాలో 1990ల నుంచి సుమారు 1.8 కోట్ల హెక్టార్లలో చెట్లను దెబ్బతీసింది. ఆ అంకె తెచ్చి ఇప్స్‌కు పెట్టకండి.

మే నెల బుట్టల లెక్కతో చలికాలపు చావును కొలవడం కూడా సరి కాదు. చుట్టుపక్కల గాలివానకు పడిన తాజా చెట్లు ఉంటే పురుగు వాటి మీదికి పోతుంది, బుట్టలో తక్కువ పడుతుంది. అవి లేని ఏడాది అదే సంఖ్య బుట్టలో ఎక్కువగా కనిపిస్తుంది. ఎగిరే కాలం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఉధృతంగా ఉంది అని తెలుసుకోవడానికి బుట్ట మంచి సాధనం. దాన్ని జనాభా లెక్కగా వాడుకోకండి.

---

దుంగలపేట

బెరడు ఒలిచిన సంగతి నేను చెబుతాను. ఈ పొరపాటు మూలంగా చాలాచోట్ల డబ్బూ చెట్లూ రెండూ పోయాయి.

బెరడు ఒలవడం తెల్ల దశలో మాత్రమే పురుగును చంపుతుంది. అంటే గుడ్డు, పిల్ల పురుగు, ప్యూపా. బెరడు ఒలవగానే ఎండిపోతాయి, లేదా పక్షులు ఏరుకుంటాయి. రెక్కల పురుగు తయారయ్యాక ఒలిస్తే అది బెరడు ముక్కతో పాటు నేల మీద పడి, రాలిన ఆకుల్లోకి దూరి, అక్కడే చలికాలం గడిపేస్తుంది. జనవరిలో మధ్య యూరప్‌లో చెట్టులో ఉండేది చాలావరకు రెక్కల పురుగే. మీరు చెప్పిన చోట జరిగింది అదే అయి ఉంటుంది. పురుగును చెట్టు మీంచి దించి నేల మీద పెట్టారు, అంతే.

కాబట్టి ముందు చూడాలి, తర్వాత నిర్ణయించాలి. ఛాతీ ఎత్తులో ఒకచోట, వీలైతే ఇంకా పైన మరోచోట, గొడ్డలితో అరచేయంత బెరడు లేపండి. లోపలి వైపు తిప్పితే కాండం నారు వెంబడి పైకీ కిందికీ పోయే తల్లి సొరంగాలు కనిపిస్తాయి, 6 నుంచి 15 సెంటీమీటర్ల పొడవున. వాటికి రెండు పక్కలా పిల్ల పురుగుల సొరంగాలు సన్నగా మొదలై, పోనుపోను వెడల్పవుతూ, చివర గుండ్రటి గదిలో ఆగుతాయి. ఆ గదిలో ఏముందో చూడండి. పాలలా తెల్లగా, కాళ్లు ఒంటికి ముడుచుకుని ఉంటే ప్యూపా. లేత గోధుమ రంగులో ఉంటే కొత్తగా తయారైన రెక్కల పురుగు. ముదురు గోధుమ లేదా నలుపు, 4 నుంచి 5.5 మిల్లీమీటర్లు, వెనక రెక్కల చివర పల్లంలో ఒక్కో వైపు నాలుగు పళ్లు ఉంటే ముదిరిన ఇప్స్. 2 మిల్లీమీటర్ల చిన్నది కనిపిస్తే అది వేరే రకం, పిటియోజీన్స్. కొమ్మల్లోనూ చెట్టు కొసలోనూ బతుకుతుంది కాబట్టి దుంగ తీసుకెళ్లి కొసలు అడవిలో వదిలేస్తే దానికి ఇల్లు కట్టిచ్చినట్టే.

అంతా తెల్ల దశే అయితే ఒలిచి వదిలేయవచ్చు. గోధుమ, నలుపు కలిసి ఉంటే బెరడుతో సహా దుంగను అడవి నుంచి బయటికి తీయాలి. స్ప్రూస్ చెట్లకు కనీసం 500 మీటర్ల దూరంలో పెట్టాలి. రోడ్డు పక్క పేర్చి "లారీ వచ్చినప్పుడు తీస్తాం" అనుకుంటే లారీ ఏప్రిల్లో వస్తుంది, పురుగు అంతకుముందే పోతుంది. దూరం తీయలేకపోతే ఒలిచిన బెరడును పోగుచేసి కాల్చాలి లేదా చిప్పర్లో (సన్న ముక్కలు చేసే మిషన్) వేయాలి.

చలికాలంలో ఎందుకు కొడతారంటే, పురుగు ఎక్కడికీ పోలేని కాలం అదొక్కటే. గాలి 16.5 డిగ్రీలు దాటే రోజు వచ్చేదాకా ఎగరదు. నవంబరు నుంచి మార్చి చివరి దాకా చెట్టు ఒక్కటి తీస్తే దానిలోని వేల పురుగులు కలిసి బయటికి పోతాయి. నేల గడ్డకట్టి ఉంటుంది కాబట్టి బరువైన మిషన్లు దిగబడకుండా తిరుగుతాయి కూడా. కష్టం ఒకటుంది. పురుగు తొలిచి పొర ఊడిన బెరడు హార్వెస్టర్ (చెట్లు కొట్టే మిషన్) తల తగలగానే పలకలు పలకలుగా రాలిపోతుంది, రెక్కల పురుగు అందులోనే ఉండిపోతుంది. అలాంటి చెట్లను మిషన్ రోలర్లలో అనవసరంగా ముందుకీ వెనక్కీ ఆడించకూడదు.

వెతకడం ఎక్కడ? పోయిన వేసవిలో పట్టిన గుంపు అంచు నుంచి 100 మీటర్లలోపు ముందు చూడండి. కొత్తవి చాలావరకు అక్కడే ఉంటాయి. ఎండ తగిలే దక్షిణపు అంచు మరీ. పురుగు తొలిచినప్పుడు రాలే పొట్టు చలికాలంలో వాన, మంచులకు కొట్టుకుపోతుంది కాబట్టి దాని మీద ఆధారపడకండి. సెప్టెంబరులో అయితే ఎండు రోజున మొదట్లో, బెరడు పొలుసుల మీద, సాలెగూళ్లలో ఫిల్టర్ కాఫీ పొడి రంగులో పడి ఉంటుంది. చలికాలంలో గుర్తు వడ్రంగి పిట్ట. అది పొడిచి పొలుసులు రాల్చిన కాండం దూరానికే ఎర్రగా, తేటగా కనిపిస్తుంది. కొమ్మలు ఇంకా పచ్చగా ఉండగానే బెరడు రాలిపోతుంటే ఆ చెట్టు పని అయిపోయినట్టే. వెంటనే గుర్తు వేసి తీయించండి.

పురుగు పూర్తిగా వెళ్లిపోయి, బెరడు ఊడి, బూడిద రంగు తిరిగిన చెట్లు మాత్రం కొట్టకండి. వాటిలో ఇప్స్ లేదు. దాన్ని తినే థనాసిమస్ పెంకు పురుగులు, పరాన్నజీవి కందిరీగలు ఉంటాయి. కూలి ఖర్చు పెట్టి శత్రువును వదిలి మిత్రుణ్ణి తీసేయడం అవుతుంది. పడిపోయి ఎవరి మీదో పడే ప్రమాదం ఉంటే తప్ప వాటిని అలాగే నిలబెట్టండి.

---

ఎర్ర అంచు

ఉపగ్రహం వైపు నుంచి చిన్న మాట. శరదృతువులో పట్టిన చెట్టు చలికాలమంతా పచ్చగానే కనిపిస్తుంది. చలికి నీటి అవసరం తగ్గిపోతుంది కాబట్టి ఆకు రంగు మారడం వసంతం దాకా వాయిదా పడుతుంది. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో రెడ్ ఎడ్జ్, షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ అనే కాంతి బ్యాండ్లలో నీటి ఎద్దడి తేడా మొదట పడుతుంది గానీ డిసెంబరు, జనవరిల్లో సూర్యుడు వాలి ఉండి నీడలు పొడుగవుతాయి. మేఘాలు, కొమ్మల మీద మంచు సరేసరి. ఆ నెలల చిత్రాలతో పట్టిన చెట్లను వెతకబోతే నీడలే దొరుకుతాయి. ఆగస్టు, సెప్టెంబరు చిత్రాల్లో కొత్త మచ్చలు తీసి, వాటి చుట్టూ 100 మీటర్ల పట్టీ గీసి, నవంబరుకల్లా అక్కడి సిబ్బంది చేతికి ఇవ్వండి. చెట్టు చెట్టునూ చూసే పని వాళ్ల కాళ్లదే.

---

సూదాకు

చాలా ఉపయోగపడింది, అందరికీ కృతజ్ఞతలు. "సగం" సూత్రం తీసేస్తాం. దాని స్థానంలో చలికాలం వచ్చేసరికి ఏ దశలో ఉందో ఉష్ణోగ్రతను బట్టి లెక్కకట్టడం ఎలా? ఎర చెట్ల గురించి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

---

హెబ్బాళ కీటకం

అంకెలు ఇవి. ఎదుగుదలకు దిగువ హద్దు 8.3 డిగ్రీలు. 30.4 దగ్గర వేగం ఎక్కువ, 38.9 దాటితే ఆగిపోతుంది. గుడ్డు నుంచి లేత రెక్కల పురుగు దాకా 334 డిగ్రీ-దినాలు (ఒక్కో రోజు సగటు 8.3ను ఎన్ని డిగ్రీలు దాటిందో వాటి మొత్తం), అది తిని ముదిరి ఎగరడానికి సిద్ధమయ్యే దాకా మొత్తం 557. ఇవన్నీ బెరడు ఉష్ణోగ్రత మీద. పగటి వెలుతురు 14.5 గంటల కంటే తగ్గాక కొత్తగా గుడ్లు పెట్టడం మానేస్తుంది. ప్రాగ్ అక్షాంశంలో అది సుమారు ఆగస్టు మధ్య. అప్పటికే పెట్టిన గుడ్లు మాత్రం ఎదుగుతూనే ఉంటాయి. మీకు చిక్కంతా ఈ చివరి పిల్లలతోనే.

ఆగస్టు 10న పెట్టిన గుడ్డు అనుకోండి. కొండ మీద ఆగస్టు మిగిలిన 21 రోజులు బెరడు సగటు 16, సెప్టెంబరు 30 రోజులు 12. అంటే 21 × 7.7 = 162, 30 × 3.7 = 111, కలిపి 273. అక్టోబరులో సగటు 8.3 దాటకపోతే అక్కడే ఆగిపోతుంది. 334 చేరలేదు కాబట్టి చలికాలం పిల్ల పురుగుగానో ప్యూపాగానో గడపాలి. మీ మైనస్ 18 బెరడు లోపలికి చేరితే వీటిలో చాలావరకు పోతాయి. కింది లోయలో సగటు 19, 15 అనుకుంటే 225 + 201 = 426. లేత రెక్కల పురుగు తయారైపోయింది. అదే చలిలో ఇవి చాలావరకు బతుకుతాయి. అటవీ సిబ్బంది బుట్టలు లోయలో పెట్టారా, కొండ మీద పెట్టారా అన్నది ఒకసారి అడగండి.

రోజువారీ సగటు వాడితే అక్టోబరులో మధ్యాహ్నపు ఎండ లెక్కలోకి రాదు. దక్షిణపు అంచున బెరడు గాలి కంటే బాగా వేడెక్కుతుంది. గంటల లెక్కన కట్టడం మంచిది.

వసంతానికి: ఏప్రిల్ 1 నుంచి గాలి ఉష్ణోగ్రత మీద 140 డిగ్రీ-దినాలు కూడి, గాలి 16.5 దాటిన రోజున చెట్ల మీద దాడి మొదలవుతుందని లెక్క.

పోలిక కోసం మన ఊరి అంకెలు వేసి చూడండి. బెంగళూరులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1884 జనవరి 13న 7.8 డిగ్రీలు. ఏడాది సగటు 24 దగ్గర. ఇక్కడ స్ప్రూస్ ఉండి ఈ పురుగు వస్తే ఉష్ణోగ్రత లెక్కన 35 రోజులకో తరం. చలికాలపు విరామం లేకపోవడం అంటే ఏమిటో ఆ అంకెలోనే తెలుస్తుంది.

---

దుంగలపేట

ఎర చెట్లు: పురుగు పట్టని స్ప్రూస్‌ను ఫిబ్రవరి, మార్చిల్లో, ఎగరడం మొదలయ్యేలోగా కొట్టి, పోయిన ఏడాది పట్టిన చోటు అంచున కొంచెం నీడలో పడుకోబెట్టాలి. కొమ్మలు కొంత ఉంచితే తొందరగా ఎండదు. మొదట వచ్చిన మగ పురుగు తొలిచి, వాసన వదిలి మిగతావాటిని పిలుస్తుంది.

పెట్టడం తేలిక, తీయడమే అసలు పని. తల్లి పురుగులు 557లో దాదాపు సగం, అంటే 277 డిగ్రీ-దినాలకు బయటికి వచ్చి రెండోచోట మళ్లీ గుడ్లు పెడతాయి. బెరడు సగటు 15 ఉంటే దానికి 41 రోజులు, 20 ఉంటే 24 రోజులు. ఆలోగా దుంగను బయటికి తీసేయాలి. తల్లులు కూడా దానితోపాటే పోతాయి. ఆ గడువు దాటిపోతే, కొత్త రెక్కల పురుగు రాకముందు బెరడు ఒలిస్తే పిల్లలనైనా చంపవచ్చు. మనుషులు చాలక రెండూ చేయలేమనుకుంటే ఎర చెట్టు పెట్టవద్దు. తీయని ఎర చెట్టు పురుగుల పెంపకం అవుతుంది.

ఫెరమోన్ బుట్టలను బతికున్న స్ప్రూస్ అంచుకు 10–15 మీటర్లు ఎడంగా పెట్టండి. దగ్గరగా పెడితే వాసనకు వచ్చినవి పక్క చెట్టు ఎక్కుతాయి.

---

పీణ్య పలక

నాదో పక్క ప్రశ్న, ఏమీ అనుకోకండి. పీణ్యలో విదేశీ ప్యాలెట్లు కొని బల్లలు చేస్తాం. కొన్నిటికి అంచుల్లో బెరడు ఉంటోంది. వేరే చెక్కలో సన్న రంధ్రాల నుంచి మైదాలాంటి పొడి రాలుతోంది. ఈ పురుగేనా?

---

దుంగలపేట

కాదండి. బెరడు పురుగుకు తాజా లోపలి బెరడు కావాలి, ఆరిన చెక్కలో బతకదు. 1–2 మిల్లీమీటర్ల రంధ్రం, మెత్తటి పొడి అంటే పొడి పురుగు లిక్టస్ అయి ఉండాలి. రబ్బరు చెక్క లాంటి వాటి తెల్ల చెక్కను తింటుంది, పైన్ జోలికి రాదు. ఆ ముక్కలను వేరుచేసి, కొత్త రబ్బరు చెక్క కొనేటప్పుడు బోరాన్ శుద్ధి చేసినదే అడగండి.

ప్యాలెట్ మీద ఐపీపీసీ (అంతర్జాతీయ మొక్కల రక్షణ ఒప్పందం) ముద్రలో హెచ్‌టీ (వేడి శుద్ధి) అని ఉంటే చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీలు 30 నిమిషాలు తగిలించారని అర్థం. చెక్క ప్యాకింగ్‌కు వర్తించే ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ నియమం ప్రకారం 3 సెంటీమీటర్ల లోపు వెడల్పున్న బెరడు ఎంత పొడుగున్నా ఉండవచ్చు. అంతకంటే వెడల్పయితే ఒక్కో ముక్క 50 చదరపు సెంటీమీటర్లు దాటకూడదు. ముద్ర లేకుండా అరచేయంత బెరడు కనిపిస్తే ఆ సరుకు తీసుకోకండి.

---

పాడేరు కాఫీ (యలహంక)

మన దగ్గర మైనస్‌లు లేవు కదా. కాఫీకి వచ్చే కాయ తొలుచు పురుగు కూడా ఈ కుటుంబమే అంటారు. దానికి ఇలాంటి ఆగే కాలం ఉందా?

---

హెబ్బాళ కీటకం

ఉంది, మనకది ఎండాకాలం. కాయ తొలుచు పురుగు హైపోథెనిమస్ హాంపీ, ఇప్స్‌కు దగ్గరి చుట్టమే. మన దేశంలో 1990లో నీలగిరుల్లోని గూడలూరు దగ్గర మొదట కనిపించింది. 2025లో అరకులోనూ బయటపడింది. కోత అయ్యాక వానలు పడేదాకా చెట్టుకు మిగిలిన కాయల్లో, నేల రాలిన కాయల్లో గుంపుగా దాక్కుంటుంది. తొలి వానల తడికి బయటికొచ్చి కొత్త కాయను పట్టుకుంటుంది. స్ప్రూస్ అడవిలో మార్చిలోపు దుంగలు తీయడం ఎంత ముఖ్యమో, ఇక్కడ వానల్లోపు కాయలు ఏరడం అంత ముఖ్యం.

కోసేటప్పుడు చెట్టు కింద పట్టాలు పరవండి, రాలినవి అక్కడే దొరుకుతాయి. చివరి కోతలో పచ్చివీ ఎండువీ ఏవీ కొమ్మకు వదలకండి. నీడ చెట్ల కింద, గట్ల వెంబడి దానంతట అదే మొలిచిన కాఫీ మొక్కల కాయలు కూడా తీసేయాలి. చాలామంది వదిలేసేది అక్కడే. పుచ్చు కాయలను మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచి అప్పుడు ఆరబెట్టండి. గింజను 10–11 శాతం తేమకు దించితేనే గోదాంలో పురుగు పెరగదు. పురుగున్న తోట నుంచి వాడిన గోనె సంచులు మరో తోటకు తీసుకెళ్లకండి.

రోబస్టా ఉంటే సన్న కొమ్మలు తొలిచే జైలోశాండ్రస్ పురుగును కూడా చూసుకోండి. కొమ్మ అడుగు వైపు గుండుసూది రంధ్రం, ఆపైన ఆకు వాడటం దాని గుర్తు. రంధ్రం దాటి మొదలు వైపు 5–7 సెంటీమీటర్లు వదిలి, అక్కడికి కత్తిరించి ఆ రోజే కాల్చేయండి. కుప్ప వేసి మర్నాటికి ఉంచితే లోపలి పురుగులు ఎగిరిపోతాయి.